రాతి మీద ఎవరి పేరు?

(పెన్షనర్ల దినం సందర్భంగా గరివిడిలో జరిగిన మన సంఘ సమావేశంలో విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకురాలిని కాను. 1973 నుండి 2008 వరకు ముప్పయి అయిదేళ్ళు టీకాలు, సూదిమందులు, కాన్పులు, రిజిస్టర్లు, వీటితోనే నా జీవితం గడిచింది. ఒకరి ముందు నిలబడి పది మాటలు చెప్పవలసి వస్తే అది ఏ రచ్చబండ దగ్గరో, పిల్లలకు పోలియో చుక్కలు వేయించండమ్మా అని చెప్పడమే. కనుక తప్పులుంటే మన్నించండి.

ఈ రోజు డిసెంబరు 17. ఈ తేదీని పెన్షనర్ల దినంగా ఎందుకు జరుపుకొంటామో మీ అందరికీ తెలుసును. పిల్లల కోసం ఒక్క మాట చెబుతాను. 1982లో ఇదే తేదీన, నకారా గారి కేసులో, పెన్షను అనేది సర్కారు దయతో పడేసే భిక్ష కాదు, ఉద్యోగి హక్కు అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రిటైరైన తేదీని అడ్డుగీతగా పెట్టి పెన్షనర్లను రెండు రకాలుగా విడదీయరాదని కూడా చెప్పింది. నకారా గారిని మనలో ఎవరూ చూడలేదు. అయినా ఏటా ఆయన పేరు తలచుకొంటున్నాము. ఎందుకు? ఆ పేరుకు ఒక తేదీ ఉంది. మనిషి పోయిన తరువాత పేరు నిలవాలంటే ఒక తేదీ అయినా ఉండాలి, ఒక రాయి అయినా ఉండాలి.

ఆ రాయి గురించే ఈ రోజు మాట్లాడమన్నారు. వైద్యరంగంలో తొలి అడుగులు వేసిన స్త్రీల గౌరవార్థం మన సంఘ భవనం ముందు చిన్న శిలాఫలకం ఒకటి పెట్టాలని కార్యవర్గం అనుకొన్నది. చాలా మంచి ఆలోచన. అయితే ఎవరి పేరు చెక్కించాలి అన్నచోట మాట ఆగిపోయింది. ఒకరు ఆనందీబాయి జోషీ పేరన్నారు. గుంటూరులో పనిచేసి వచ్చిన మిత్రులొకరు కుగ్లర్ దొరసాని పేరన్నారు. ఇంకొకరు, ఎవరి పేరూ వద్దు, "వైద్య మహిళలకు వందనం" అని రాయిస్తే గొడవ ఉండదన్నారు. ఆరోగ్యశాఖలో పనిచేసిన దాన్ని కదా అని నా అభిప్రాయం అడిగారు. నాకు తెలిసినది చెబుతాను. నిర్ణయం మీది.

ముందుగా మనకు దగ్గరలో ఉన్న ఒక బోర్డు గురించి చెప్పనివ్వండి. గరివిడిలో పాసింజరు ఎక్కితే గుర్ల, నెల్లిమర్ల, ఆ తరువాత విజయనగరం. దిగి రిక్షా అతనితో "ఘోషాసుపత్రి" అంటే చాలు, ఇంక దారి చెప్పనక్కరలేదు. ఈ సభలో ఉన్న ఎంతోమంది తల్లులు, మన కోడళ్ళు, కూతుళ్ళు అక్కడ పురుడు పోసుకొన్నవారే. కాని ఆ పేరుకు అర్థం ఏమిటని మనం ఎప్పుడైనా అడిగామా? "గోషా" అన్నది పారసీ నుంచి వచ్చిన మాట. మూల అని అర్థం. ఇంట్లో ఒక మూల, పరదా వెనుక ఉండే స్త్రీలను గోషా స్త్రీలనేవారు. పరాయి మగవాడి కంటపడని ఆ స్త్రీలకు ఆడవారే వైద్యం చేసే ఆసుపత్రి గోషా ఆసుపత్రి. మన నోట పడి అది ఘోష అయింది. తెలుగులో ఘోష అంటే ఏమిటో మీకు తెలుసును. రోదన. ఎవరు ఏ ఉద్దేశంతో అలా పలికారో గాని, ఆ తప్పు పలుకుబడిలోనే అసలు నిజం ఉందని నాకు అనిపిస్తుంది.

మా నాయనమ్మ చిన్నతనంలో ఒక పెద్దింటి లోగిలిలో పనిచేసేది. గోషా పాటించే ఇల్లు. ఆ ఇంటి కోడలికి తొలికాన్పు రెండు రోజులపాటు కష్టమైంది. ఇంటివారు పట్నం నుంచి డాక్టరు గారిని పిలిపించారు. పిలిపించారే గాని గడప దాటనివ్వలేదు. ఆయన వీధి అరుగు మీద కూర్చున్నారు. మా నాయనమ్మ లోపలికి వెళ్ళి చూసి వచ్చి చెప్పాలి, ఆయన ఇంకో ప్రశ్న అడగాలి, మళ్ళీ లోపలికి పరుగెత్తాలి. "ఆ బాబుకి నా కాళ్ళే గొట్టమయ్యేయే" అనేది మా నాయనమ్మ. గొట్టం అంటే స్టెతస్కోపు. పన్నెండేళ్ళ పిల్ల ఏమి చూసి ఏమి చెప్పగలదు? మూడో రోజు తెల్లవారేసరికి తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. డాక్టరు ఉన్నారు, మందు ఉంది, డబ్బుకు లోటు లేదు. మధ్యలో ఒక్క గడప ఉంది. ఆ గడప దాటి లోపలికి వెళ్ళగలిగే చదువుకొన్న ఆడమనిషి లేదు, అంతే.

ఈ లోటును తీర్చినవారు ఎవరు? మన చెన్నపట్నంలోనే ఆ కథ మొదలైంది. మేరీ షార్లీబ్ అనే ఇంగ్లీషు స్త్రీ, మద్రాసులో వకీలుగా ఉన్న ఒకాయన భార్య. మన ఆడవారు పురిటి గదుల్లో సాయం లేక చనిపోతున్నారని విని, తాను వైద్యం నేర్చుకోవాలని పట్టుపట్టింది. ఇంగ్లండులోనే ఆడవారు డాక్టరు చదువు కోసం అవస్థలు పడుతున్న కాలమది. 1875లో మద్రాసు మెడికల్ కాలేజీ ఆమెతో కలిపి నలుగురు స్త్రీలను చేర్చుకొన్నది. 1878లో ఆమె చదువు పూర్తిచేసింది. తరువాత లండను వెళ్ళి అక్కడి డిగ్రీ కూడా సంపాదించి, మద్రాసు తిరిగి వచ్చి, 1885లో గోషా స్త్రీల కోసం ఆసుపత్రి ప్రారంభింపజేసింది. తిరువళ్ళిక్కేణిలో దాని భవనానికి మన వెంకటగిరి రాజావారు లక్ష రూపాయలు ఇచ్చారు. ఆ రోజుల్లో లక్ష! ఇప్పుడది కస్తూర్బా గాంధీ ఆసుపత్రి. అదే 1885లో వైస్రాయి భార్య లేడీ డఫరిన్ పేరిట, ఆడ డాక్టర్లను, నర్సులను, మంత్రసానులను తయారు చేయడానికి ఒక నిధి ఏర్పడింది.

హైదరాబాదులో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ అమ్మాయి 1889లో అక్కడి మెడికల్ స్కూలులో చదువు ముగించి, క్లోరోఫాం ఇచ్చే పనిలో నిపుణురాలైంది. ప్రపంచంలోని తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఆమె ఒకరు. మత్తు లేకుండా కోతలు కోసిన కాలం గురించి పెద్దవారు చెబితే విన్నవారికి ఆ పని విలువ తెలుస్తుంది. మన ఇళ్ళలో ఎంతమందికి ఆమె పేరు తెలుసు? నాకైతే రిటైరయ్యేవరకు తెలియదు.

ఇక గుంటూరు మిత్రులు చెప్పిన కుగ్లర్ దొరసాని. ఈమె గురించి కొంచెం విపులంగా చెప్పాలి. ఆన్నా సారా కుగ్లర్ 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పుట్టింది. అక్కడి స్త్రీల వైద్య కళాశాలలో 1879లో డాక్టరైంది. ఏడేళ్ళ తరువాత, 1886లో, మన దేశపు ఆనందీబాయి జోషీ డాక్టరైనది కూడా ఆ కళాశాలలోనే. పాపం, ఆనందీబాయి స్వదేశం వచ్చిన కొద్ది నెలలకే, 1887లో, ఇరవై రెండేళ్ళయినా నిండకుండా క్షయతో పోయింది. ఒక్క రోగికైనా తృప్తిగా వైద్యం చేసే అవకాశం ఆమెకు దక్కలేదు. కుగ్లరుకు మాత్రం నలభై ఏడేళ్ళ అవకాశం దక్కింది.

గుంటూరు నుంచి లూథరన్ మిషను వారి ఉత్తరం ఒకటి ఆమెకు అందింది. ఇక్కడి స్త్రీలకు ఆడ డాక్టరు అవసరం ఎంతో ఉన్నదని అందులోని సారాంశం. ఆమె సిద్ధపడింది. కాని ఆమెను పంపవలసిన సంఘం వారు, వైద్యం పనికి మేమింకా సిద్ధంగా లేము, కావాలంటే ఆడవారికి చదువు చెప్పే పనికి పంపుతామన్నారు. డాక్టరు పట్టా చేతిలో ఉండగా పంతులమ్మగా బయలుదేరింది. 1883 చివరలో గుంటూరు చేరింది. చేరిన తరువాత రోగులు ఊరుకొంటారా? పంతులమ్మ డాక్టరని తెలిసి వెతుక్కుంటూ వచ్చారు. బడి పని బడి పనే, వైద్యం వైద్యమే. రెండేళ్ళు అలా గడిచాక 1885లో గాని ఆమెను వైద్యానికి అధికారికంగా నియమించలేదు. చేస్తున్న ఉద్యోగానికి ఆర్డరు రావడానికి రెండేళ్ళు! ఇన్‌ఛార్జి పనులు చేసి చేసి ఆర్డర్ల కోసం ఎదురుచూసిన మనకు ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు.

మొదట్లో ఆమెను అందరూ ఆదరించలేదు. పరదేశి, పరమతం, పైగా ఆడది. ఆమె ముట్టిన మందు మైల అన్నవారున్నారు. ఆమె వాదనకు దిగలేదు. ఇంటింటికీ వెళ్ళి పనిచేసింది. విరాళాలు పోగుచేసి స్థలం కొన్నది. 1893లో డిస్పెన్సరీ కట్టించింది. ఆ దశాబ్దం ముగిసేలోగా స్త్రీలకు, పిల్లలకు 50 పడకల ఆసుపత్రి నిలబెట్టింది. మన గరివిడి చుట్టుపక్కల, కోడూరు వైపు, భూమిలోంచి మొదటిసారిగా మాంగనీసు తవ్వడం మొదలుపెట్టిన రోజులు కూడా అవే. ఇక్కడ గని తవ్వుతుండగా అక్కడ ఆసుపత్రి గోడలు లేస్తున్నాయన్నమాట.

ఏలూరు జమీందారు రాజా మంత్రిప్రగడ భుజంగరావు బహద్దూరు గారు స్వయంగా కవి, పండితులు. తమ కుటుంబానికి ఆమె చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఆసుపత్రి ఆవరణలో ఒక సత్రం కట్టించారు. రోగుల వెంట వచ్చిన హిందువులు తమ ఆచారం ప్రకారం వండుకొని తినడానికి అది ఉపయోగపడింది. ఇది నాకు చాలా నచ్చిన సంగతి. ఆమె వైద్యంతోపాటు తన మతం మాట కూడా చెప్పడానికి వచ్చిన మనిషే. అందులో దాపరికం లేదు. రాజావారు తమ ధర్మం తాము విడవలేదు. అందులోనూ దాపరికం లేదు. అయినా ఒకరి మంచిని ఒకరు గుర్తించి, ఒకే ఆవరణలో ఆసుపత్రి, సత్రం పక్కపక్కన నిలబెట్టారు. నర్సుల శిక్షణ కూడా అక్కడ సాగింది. ప్రభుత్వం ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1930 జూలై 26న ఆ ఆసుపత్రిలోనే ఆమె కన్నుమూసింది. తరువాత ఆసుపత్రికి ఆమె పేరే పెట్టారు.

ఇప్పుడు రెండు బోర్డులను పక్కపక్కన పెట్టి చూడండి. గుంటూరు ఆసుపత్రి మీద డాక్టరు పేరుంది. మన విజయనగరం ఆసుపత్రి మీద పరదా పేరుంది. పరదా దాటి లోపలికి వెళ్ళి, దీపం వెలుతురులో చేతులు రక్తం చేసుకొని తల్లినీ బిడ్డనూ దక్కించిన ఆ తొలినాటి ఆడ డాక్టర్లు, నర్సులు ఎవరు? జనం నోట మిగిలినది రోగి కష్టం పేరే గాని, ఆ కష్టం తీర్చిన మనిషి పేరు కాదు.

అయితే కుగ్లర్ పేరు ఎలా నిలిచింది? పని గొప్పది కనుక అని అనవచ్చు. అంతేనా? ఆమె 1928లో తన ఆసుపత్రి గురించి పుస్తకం రాసింది. ఆమె పంపిన నివేదికలను అచ్చువేసి దాచినవారున్నారు. అంటే, రాసేవారు ఉన్నారు కనుక నిలిచింది. ఆమె పక్కన నిలబడి నీళ్ళు కాచి, దీపం పట్టి, భయపడే తల్లికి తెలుగులో ధైర్యం చెప్పిన మన ఆడవారు ఎందరో ఉండి ఉంటారు. ఆమె ఎంత గొప్ప డాక్టరైనా వారు లేకుండా ఒక్క కాన్పు కూడా జరిగి ఉండదు. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను.

నా అనుభవం ఏమిటో చెప్పి ముగిస్తాను. ఇది నేనింతవరకు ఎక్కడా చెప్పలేదు.

1973లో ఏ.ఎన్.ఎం.గా నాకు ఉద్యోగం వచ్చింది. అప్పటికి విజయనగరం జిల్లా లేదు. 1979లో గాని ఏర్పడలేదు. చీపురుపల్లి తాలూకా అప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. నాకు ఇరవై మూడేళ్ళు. శిక్షణలో పెద్దవారి పక్కన నిలబడి కాన్పులు చేశానే గాని, ఒంటరిగా చేసినది లేదు. మరుసటి ఏడు వానాకాలంలో ఒక రాత్రి గెడ్డ అవతలి ఊరి నుంచి కబురు వచ్చింది. గెడ్డ పొంగి ఉంది. నడుంలోతు నీటిలో సంచీ నెత్తిన పెట్టుకొని దాటాను. నేను వెళ్ళేసరికి ఆ ఊరి మంత్రసాని అక్కడే ఉంది. అరవై ఏళ్ళుంటాయి. సన్నగా, పొట్టిగా, కొంగు నడుముకు బిగించి ఉంది.

బిడ్డ తల బయటపడింది. మెడకు బొడ్డుపేగు రెండు చుట్లు చుట్టుకొని ఉంది. అటువంటప్పుడు ఏమి చెయ్యాలో నేను చదువుకొన్నాను, పరీక్షలో రాశాను కూడా. కాని నా చేతులు కదలలేదు. ఆమె నా ముఖం చూసింది. "ఏటి పాపా, అలగుండిపోనావు? దీపం ఇటు సూపించు" అన్నది. నేను దీపం పట్టుకొన్నాను. ఆమె ఒక్క వేలు లోపలికి పోనిచ్చి, పేగును సుతారంగా వదులు చేసి, బిడ్డ తల మీదుగా ఒక చుట్టు, మళ్ళీ ఒక చుట్టు తప్పించింది. పూలదండ తీసినట్లు తీసింది. బిడ్డ నీలంగా ఉన్నాడు. ఏడవలేదు. వీపు రాసింది, నోరు తుడిచింది, మళ్ళీ రాసింది. ఆ కాసేపు ఎంతసేపో నాకు తెలియదు. బయట వాన చప్పుడు, లోపల ఎవరికీ ఊపిరి లేదు. అప్పుడు ఏడ్చాడు.

నేను కొత్త బ్లేడుతో బొడ్డు కోసి, ఉడికించిన దారంతో కట్టాను. ఆ రాత్రి నేను చేసినది అదే. తెల్లవారి ఇంటికి వచ్చి రిజిస్టరు తీశాను. "కాన్పు చేసినవారు" అనే గడిలో ఏమి రాశానో తెలుసునా? "ఏ.ఎన్.ఎం." అని రాశాను. నెలకు ఇన్ని కాన్పులు చూపించాలని లెక్కలుండేవి. అదొక కారణం. భయపడి నిలబడిపోయానని ఒప్పుకోవడానికి సిగ్గు, అది అసలు కారణం.

తరువాత ఆమెతో కలిసి ఎన్నో కాన్పులు చేశాను. 1970ల చివర దాయిలకు శిక్షణ ఇచ్చినప్పుడు ఆమెను నేనే తీసుకువెళ్ళాను. చేతులు శుభ్రం, పక్క శుభ్రం, బ్లేడు శుభ్రం, దారం శుభ్రం, కోసిన బొడ్డు శుభ్రం అని అయిదు శుభ్రాలు నేర్పేవారు. అంతకుముందు ఊళ్ళలో కొడవలితో బొడ్డు కోసేవారు, బూడిద అద్దేవారు. ఏడెనిమిది రోజులకు బిడ్డకు దవడలు బిగుసుకుపోయేవి. పురిటి ధనుర్వాతం. దెయ్యం పట్టిందనేవారు. ఆమె ఆ పాత అలవాటు మానుకోవడమే కాదు, చుట్టుపక్కల ఊళ్ళ మంత్రసానులతో పోట్లాడి మాన్పించింది. నేను గర్భిణులకు టి.టి. సూది వేయడానికి వెళితే తలుపులు వేసుకొనేవారు. ఆమె వెంట వస్తే తెరిచేవారు. 2015లో మన దేశంలో తల్లీబిడ్డల ధనుర్వాతం అంతరించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినప్పుడు పేపరు చేతిలో పట్టుకొని చాలాసేపు కూర్చుండిపోయాను. 1990లో మన దేశంలో లక్ష ప్రసవాలకు 550 మందికి పైగా తల్లులు చనిపోయేవారని అంచనా. 2018-20 లెక్కలలో అది 97. మన రాష్ట్రంలో 45. ఈ అంకెల వెనుక పెద్ద డాక్టర్లున్నారు, మందులున్నాయి, 2005లో వచ్చిన 108 బండి ఉంది. గెడ్డ అవతల తలుపులు తెరిపించిన ఆ ముసలమ్మ కూడా ఉంది. ఆమెకు దక్కినదల్లా కుంచెడు ధాన్యం, ఒక పాత చీర.

ఆమె పోయి చాలా కాలమైంది. మొన్నామధ్య చీపురుపల్లిలో ఒక పెళ్ళికి వెళ్ళాను. యాభై దాటిన ఒకాయన వచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టి, "నర్సమ్మా, గెడ్డ పొంగిన రాత్రి నన్ను తీసింది నువ్వేనంట, మాయమ్మ సెప్పేది" అన్నాడు. మనవణ్ణి ఎత్తుకొని ఉన్నాడు. "కాదు బాబూ, నేను దీపం పట్టుకొన్నాను, అంతే. నిన్ను తీసింది మీ ఊరి మంత్రసాని" అన్నాను. "అవునా! ఆయమ్మ పేరేటి?" అని అడిగాడు.

నాకు తెలియదు.

పన్నెండేళ్ళు ఆమెతో పనిచేశాను. ఆమె ఇంట్లో గంజి తాగాను. పేరు అడగలేదు. ఊరంతా మంత్రసానమ్మ అనేవారు, నేనూ అలాగే పిలిచాను. శిక్షణ తరువాత నా రిజిస్టర్లలో ఎక్కడ చూసినా "దాయి" అనే రాశాను. భత్యం కాగితం మీద ఆమె నిశాని వేసింది, పక్కన గుమాస్తా పేరు రాసే ఉంటాడు. నేను తొంగి చూడలేదు. ఆ కాగితాలు ఇప్పుడు దొరకవు.

ఏటా బతికే ఉన్నామని సర్టిఫికెట్టు ఇచ్చుకొనేవారం మనం. సర్వీసు రిజిస్టరులో పేరు ఒక్క అక్షరం తేడాగా ఉంటే పెన్షను ఆగిపోతుందని ఆఫీసుల చుట్టూ తిరిగినవారం. కాగితం మీద పేరు విలువ మనకంటే బాగా ఎవరికి తెలుసు? అటువంటి నేనే ఒక మనిషి పేరును కాగితం మీదికి రానివ్వలేదు. అందుకే ఈ రోజు మీ ముందు నిలబడి ఒప్పుకొంటున్నాను.

ఇక ఫలకం మాట. కుగ్లర్ దొరసాని గొప్పది. ఆమెకు గుంటూరులో ఆసుపత్రే ఫలకం. ఆనందీబాయి మీద పుస్తకాలున్నాయి. వారి జీవితాలు మన పత్రికలో వేయండి, పిల్లలకు చెప్పండి. కాని గరివిడి రాతి మీద గరివిడి పేర్లు ఉండాలని నా మనవి. "వైద్య మహిళలకు వందనం" అని మాత్రం రాయించకండి. అందరికీ పెట్టిన దండం ఎవరికీ అందదు. ఈ ప్రాంతంలో మొదట పనిచేసిన లేడీ డాక్టరు, మొదటి మిడ్‌వైఫ్, ఊరి మంత్రసానులు, వీరి పేర్లు సేకరించండి. పేరు, ఏ ఊరు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు, ఏ పని చేశారు, అంతే రాయండి. బిరుదులు వద్దు. రాతి కింద దాత పేరు పెద్ద అక్షరాలతో వేయడం అంతకంటే వద్దు. గుడిలో ట్యూబులైట్ల మీద దాతల పేర్లు రాసి రాసి వెలుతురు రాకుండా చేసుకొన్నాము కదా, ఇక్కడ అలా జరగనివ్వకండి.

మీ ఇళ్ళలో ఎనభై తొంభై ఏళ్ళ పెద్దవారుంటే ఈ రాత్రే అడగండి. మీ నాన్నను తీసినది ఎవరు, ఆమె ఇంటిపేరేమిటి, ఏ వీధి అని అడగండి. రేపటికి వాయిదా వేయకండి. మన వయసులో రేపు అనేది గ్యారంటీ లేని మాట. శ్రీరాంనగర్ కర్మాగారంలో చేసినవారు, రైల్వేలో చేసినవారు, బడిపంతుళ్ళు, మా శాఖవారు, అందరం తలొక పేరు తెస్తే రాయి నిండుతుంది.

నెల్లిమర్ల స్టేషనులో తెల్లకోట్లు చేతిమీద వేసుకొని దిగే మెడికల్ కాలేజీ ఆడపిల్లలను మీరు చూసే ఉంటారు. మన గరివిడి పశువైద్య కళాశాలలోనూ ఆడపిల్లలు చదువుకొంటున్నారు. ఏ గడప దగ్గరా వారినెవరూ ఆపడం లేదు. ఆ గడపలు వారికంటే ముందు దాటినవారు ఎవరో ఆ పిల్లలు ఒకసారి ఆగి చదువుకొనేలా ఉండాలి మన ఫలకం.

చివరగా ఒక చిన్న కోరిక. గెడ్డ అవతలి మంత్రసానమ్మ పేరు కోసం ఆ ఊరికి రెండుసార్లు వెళ్ళాను. ఇల్లు లేదు, పిల్లలు వలస వెళ్ళారు. మళ్ళీ వెళతాను, పాత ఓటర్ల జాబితా చూడమని కూడా ఒకరు చెప్పారు. దొరికేవరకు ఫలకం మీద ఒక్క పంక్తి ఆమె కోసం ఖాళీగా ఉంచండి. పేరు తెచ్చే బాధ్యత నాది. చెక్కించే ఖర్చు నా పెన్షనులోంచి ఇస్తాను.